నీలం జుట్టు పిల్ల ఎందుకంత నెమ్మది, వదినగారూ?

వదినగారూ, వంటయిందా? అయితే ఓ పది నిమిషాలు ఇలా గోడ దగ్గరే నిలబడండి. మొన్న మీరు అడిగారు చూడండి, "ఆ జపాన్ బొమ్మల కథల్లో జుట్టుకి నీలం, గులాబీ, ఆకుపచ్చ, ఇన్ని రంగులేమిటమ్మా, మనుషుల్లా ఎందుకుండరు వాళ్లు?" అని. ఇంతలో మీ కుక్కరు కూతేసింది, మీరు లోపలికి పరుగెత్తారు, నా జవాబు నా నోట్లోనే ఆగిపోయింది. అప్పట్నుంచీ అది మనసులో తిరుగుతూనే ఉంది. ఇవాళ చెప్పేస్తాను.

నాకు యానిమేలంటే, అదే ఆ జపాన్ బొమ్మల కథలంటే, ఇష్టం ఇవాళ్టిది కాదు. టీవీలో డ్రాగన్ బాల్ జీ వచ్చే రోజుల నుంచీ చూస్తున్నాను. ఇప్పుడు మా వాడూ, మీ అమ్మాయీ పోటీలు పడి చూస్తున్నారు. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ సినిమా, అదే 'ఇన్ఫినిటీ కాసిల్', మన థియేటర్లలో తెలుగు మాటలతోనే ఆడింది కదా. పిల్లలు అంత ప్రేమగా చూసేదాన్ని మనం "ఏవో పిచ్చి బొమ్మలు" అని పక్కన పెట్టేస్తే ఎలాగండీ? ఆ రంగుల్లో బోలెడు సంగతులున్నాయి.

అసలు కథ తెలుపు నలుపుల్లో మొదలవుతుంది. యానిమేల్లో చాలావాటికి మూలం మాంగా, అంటే బొమ్మల కథల పత్రిక. అది చవక కాగితం మీద ఒకే సిరాతో అచ్చవుతుంది. అక్కడ బొమ్మ గీసేవాళ్లకి జుట్టు విషయంలో ఉన్నవి మూడే దారులు. సిరా పూర్తిగా నింపడం, ఖాళీగా తెల్లగా వదిలేయడం, లేదంటే సన్నటి చుక్కల కాగితం కత్తిరించి అతికించడం. ఒకే పేజీలో ముగ్గురు ఆడపిల్లలుంటే ఒకర్ని నల్లజుట్టుతో, ఒకర్ని తెల్లజుట్టుతో, ఒకర్ని చుక్కల జుట్టుతో వేస్తారు. తెల్లగా వదిలారు కాబట్టి ఆ పిల్లది బంగారు జుట్టని కాదు. పక్కనున్న పిల్లకీ ఆ పిల్లకీ తేడా తెలియాలి, అంతే. తర్వాత టీవీ వచ్చింది. ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' 1963 జనవరి 1న మొదలైనప్పుడు అదీ తెలుపు నలుపే. 1965లో ఆయనదే 'జంగిల్ ఎంపరర్' రంగుల్లో వచ్చింది. రంగుల టీవీ వచ్చాక ఆ తెల్లజుట్టునీ చుక్కల జుట్టునీ ఏదో ఒక రంగుతో నింపక తప్పలేదు. ఏ రంగుతో నింపాలి? అక్కడే ఈ రంగుల భాషంతా పుట్టింది.

దీనికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ గోకూ. డ్రాగన్ బాల్ గీసిన అకిరా తొరియామా 2024 మార్చిలో పోయారు, ఆ వార్త విన్న రోజు నాకు అన్నం సయించలేదు. గోకూ జుట్టు మామూలుగా నలుపు. ఆ నిక్కబొడుచుకున్న కుచ్చులన్నిట్లో సిరా నింపడానికి ఆయన సహాయకుడికి చాలా సమయం పట్టేదట. 1991లో గోకూ స్నేహితుణ్ని పోగొట్టుకుని కోపంతో సూపర్ సయాన్‌గా మారే ఘట్టం వచ్చింది. జుట్టు తెల్లగా వదిలేస్తే ఆ సిరా పని తప్పుతుంది కదా అనే ఆలోచన అందులో ఉందని తొరియామాయే చెప్పారు. పత్రికలో తెల్లగా ఉన్న ఆ జుట్టు టీవీలోకొచ్చేసరికి బంగారు రంగులో భగభగలాడింది. ఇప్పుడు లోకంలో ఏ మూలనున్న పిల్లవాణ్ని అడిగినా, పసుపు జుట్టు పైకి లేచిందంటే శక్తి పొంగిందని చెబుతాడు. ఒక సహాయకుడి చెయ్యినొప్పి లోంచి ఇంత పెద్ద గుర్తు పుట్టిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక మొహాల సంగతి. యానిమే మొహంలో ఏముంటుంది చెప్పండి? రెండు పెద్ద కళ్లు, ముక్కుకి ఓ చిన్న గీత, నోటికి ఇంకో గీత. ప్రతి వారం వేల బొమ్మలు గీయాలి, గీతలు తక్కువుంటేనే పని జరుగుతుంది. ఆ పిల్లలందరికీ గుండు కొట్టించి వరసగా నిలబెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. అందుకని మనిషెవరో చెప్పే బాధ్యత జుట్టు మీద పడింది. దాని ఆకారం మీద, దాని రంగు మీద. మన తోలుబొమ్మలాటలో తెర మీదికి నీలం బొమ్మ రాగానే, గొంతు వినపడకముందే, రాముడొచ్చాడని వెనక వరసలో ముసలమ్మ కూడా దండం పెడుతుంది చూడండి. అచ్చం అదే పని ఇక్కడ జుట్టు చేస్తుంది.

సైలర్ మూన్ తీసుకోండి. నవోకో తకెఉచి కథ, 1992లో టీవీకొచ్చింది. అయిదుగురు ఆడపిల్లలు. పసుపు జుట్టుకి రెండు ముడులు పెట్టుకున్న ఉసాగి ఏడుపుగొట్టు, తిండిపోతు, నిద్రపోతు, కానీ మనసు వెన్న. నీలం జుట్టు కురచగా కత్తిరించుకున్న అమి క్లాసులో ఫస్టు, పుస్తకం వదలదు. నల్లటి పొడవాటి జుట్టుతో రేయి గుడిలో సేవ చేసే పిల్ల, ముక్కు మీద కోపం. గోధుమరంగు జుట్టు పైకెత్తి కట్టిన మకోతో పొడగరి, దెబ్బలాటకి ముందుంటుంది, వంట మాత్రం అద్భుతంగా చేస్తుంది. మినాకో మళ్లీ పసుపే, ఎర్ర రిబ్బనుతో, పాటల తార కావాలని కలలు కనే పిల్ల. మొదటిసారి చూసే పిల్లకి పేర్లు గుర్తుండవు. రంగులు గుర్తుంటాయి. రెండో వారానికల్లా "నీలం జుట్టమ్మాయి ఉపాయం చెబుతుంది, కాసేపాగు" అని తెలిసిపోతుంది.

ఈ లెక్క అంతకుముందే జపాన్ పిల్లలకి అలవాటే లెండి. 1975లో 'గోరెంజర్' అని మనుషులు నటించిన సీరియల్ ఒకటి వచ్చింది. అయిదుగురు వీరులకి అయిదు రంగుల దుస్తులు. ఎరుపు నాయకుడు, నీలం నిదానస్తుడు, పసుపు కూరన్నం అంటే ప్రాణమిచ్చే భోజనప్రియుడు. దుస్తుల మీద ఉన్న ఆ రంగులే తర్వాత్తర్వాత బొమ్మల కథల్లో జుట్టుకెక్కాయేమో అనిపిస్తుంది నాకు.

నీలం దగ్గర కాస్త ఆగాలి వదినగారూ, నాకు నీలం అంటే ప్రత్యేకం. 1995లో 'ఇవాంగెలియన్' వచ్చింది. దర్శకుడు హిదెయాకి అన్నో, బొమ్మలు యొషియుకి సదమొతో. అందులో రేయి అయనామి అని పద్నాలుగేళ్ల పిల్ల. లేత నీలం జుట్టు, పాలిపోయిన చర్మం, ఎర్రటి కళ్లు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. చెప్పిన పని చేస్తుంది, ఎందుకని అడగదు. తనకంటూ ఏదైనా కోరిక ఉండొచ్చని కూడా ఆ పిల్లకి తెలియదు. ఆ చల్లటి రంగు చూడగానే, ఈ పిల్ల దగ్గరికి వెళ్లాలంటే భయమేస్తుంది, వెళ్లకపోతే బాధేస్తుంది. ఆ తర్వాత యానిమేల్లో మాట్లాడని ఆడపిల్ల అంటే లేత నీలమో, వెండో, పాలిపోయిన ఊదానో కావడం ఆనవాయితీ అయిపోయింది. మరుసటి ఏడాదే 'నడెసికో'లో రురి వచ్చింది, 2006లో 'హరుహి'లో యుకి నగతో వచ్చింది. అందరూ రేయి చెల్లెళ్లే. మీకు బాగా తెలిసిన డోరేమాన్ కూడా మొదట పసుపే తెలుసా? ఎలుకలు చెవులు కొరికేశాక ఆ దుఃఖంలో నీలంగా మారిపోయాడని కథ.

ఎరుపంటే వేడి. దూకుడు, పంతం, పెద్ద గొంతు. అదే ఇవాంగెలియన్‌లో జర్మనీ నుంచి వచ్చిన అసుకాది ఎర్రటి జుట్టు, రేయికి పూర్తిగా ఎదురు. తకెహికో ఇనొఉయె గీసిన 'స్లామ్ డంక్'లో హీరో సకురగి తల కూడా ఎరుపే, వీధి రౌడీ కుర్రాడు. చివరి క్షణంలో వాడి పొరపాటు వల్ల జట్టు ఓడిపోతే, వాడు ఇంకేం మాట్లాడకుండా వెళ్లి జుట్టు పొట్టిగా కత్తిరించుకొచ్చేస్తాడు. ఆ ఎర్ర జుట్టే వాడి పొగరు కాబట్టి, అది పోవడమే క్షమాపణ. పసుపంటే వెలుగు, డబ్బు, విదేశం, లేదా బడి ఎగ్గొట్టే పోకిరీతనం, సందర్భాన్ని బట్టి. గోధుమరంగు మామూలు పిల్లది. తెలుపు మాత్రం లోతైనది. లోకానికి అవతలి మనిషన్నా తెలుపే, అంతులేని శక్తి అన్నా తెలుపే, పెద్ద దెబ్బ తిన్న మనసన్నా తెలుపే. సుయ్ ఇషిద 'టోక్యో ఘూల్'లో కనెకి అనే మెత్తటి కుర్రాడు చిత్రహింసలు పడి బయటికొచ్చేసరికి నల్లజుట్టు తెల్లబడిపోతుంది. వాడు మారాడని ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేదు.

గులాబీ అంటే మెత్తదనం అని పిల్లలందరికీ తెలుసు. అందుకే దాన్ని తలకిందులు చేసే రచయితలు దొరికారు. 'ఫ్యూచర్ డైరీ'లో యునో గసాయి అని గులాబీ జుట్టు పిల్ల ఉంది, చూస్తే చక్కెర బొమ్మే. ప్రేమించినవాడి కోసం ఎవరినైనా నరికేస్తుంది. ఆ కథ మీ అమ్మాయికి ఇప్పుడే వద్దు, చెప్పి ఉంచుతున్నా. కానీ నేను చెప్పేదేమిటంటే, రంగు అనేది చూసేవాళ్లకి చిత్రకారుడిచ్చే మాట. నిలబెట్టుకుంటే ఒక ఆనందం, కావాలని తప్పితే ఇంకో రకం వణుకు. రెండూ తెలిసి చేస్తేనే పండుతాయి. రంగు ఉంది కదా అని ఏ ఆలోచనా లేకుండా అద్దేసిన పాత్రలు కూడా ఈమధ్య బోలెడు వస్తున్నాయి. ఎర్రజుట్టుంటే అరుస్తుంది, నీలం జుట్టుంటే గొణుగుతుంది, అంతకుమించి ఆ పిల్లకి కథలో వేరే బతుకుండదు. అవి నాకు నచ్చవు.

నాకు నచ్చేది ఏమిటో చెప్పమంటారా? జుట్టు రంగు వల్ల ఆ మనిషి బతుకులో ఏదో జరగాలి. డీమన్ స్లేయర్‌లో మిత్సురి ఉంది చూడండి, పైన గులాబీ, కిందికొచ్చేసరికి ఆకుపచ్చ, మొత్తం మూడు జడలు. మీ అమ్మాయికి ఇష్టమని చెప్పింది. ఆ కథ జరిగేది వందేళ్ల కిందటి జపాన్‌లో. మిత్సురి చిన్నప్పటి నుంచీ బలశాలి, తిండి బాగా తింటుంది. సకుర మోచి అని గులాబీ రంగు బియ్యప్పిండి ముద్ద, చెర్రీ ఆకులో చుట్టి పెడతారు. అది తెగ తినేసరికి జుట్టు ఆ రంగుకి మారిపోయిందట. సరే, పెళ్లీడొచ్చింది. పెళ్లిచూపులు పెట్టారు. అవునండీ, అక్కడా అచ్చం పెళ్లిచూపులే. వచ్చినవాడు ఏమన్నాడో తెలుసా? నిన్ను ఎలుగుబంట్లో అడవిపందులో ఎద్దులో తప్ప ఎవరూ చేసుకోరన్నాడు, ఆ జుట్టు రేపు పిల్లలకొస్తుందేమోనని తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తోందన్నాడు. ఆ పిల్ల ఏం చేసింది? జుట్టుకి నల్లరంగు వేసుకుంది. ఆకలేస్తున్నా తినడం మానేసింది, కళ్లు తిరిగినా సరే. బలం లేనిదానిలా నటించింది. అప్పుడు చేసుకుంటానని ఒకడు ముందుకొచ్చాడు, ఇంట్లోవాళ్లు సంబరపడ్డారు. మిత్సురికి మాత్రం గుండెలో గుచ్చుకుంది. బతుకంతా ఇలా వేరే మనిషిగా ఉండాలా, నేను నేనుగా ఉంటే నన్ను ఇష్టపడేవాళ్లే ఉండరా, అని. ఆ సంబంధం వదిలేసి వెళ్లి రాక్షసుల్ని చంపే దళంలో చేరింది.

ఆ ఘట్టం చూస్తున్నప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు. పెళ్లిచూపుల రోజు పొద్దున్నే మొహానికి శనగపిండి పట్టించి, "గట్టిగా నవ్వకు, ఎక్కువ మాట్లాడకు, రెండే రెండు ముక్కలు తిను" అని చెప్పించుకోని ఆడపిల్ల మన వీధిలో ఎవరుంది? కొయొహరు గొతోగె అనే రచయిత ఆ ముచ్చటంతా జుట్టు రంగులో పెట్టి చెప్పారు. గులాబీ నుంచి నలుపుకి, నలుపు నుంచి మళ్లీ గులాబీకి. అదే కథలో తంజిరో జుట్టులో ఎర్రటి జీర ఉంటుంది. బొగ్గులమ్మే ఇంట, నిప్పుతో పనిచేసే ఇంట అలాంటి పిల్లాడు పుడితే శుభమని కత్తి చేసే పెద్దాయన సంబరపడతాడు. జెనిత్సుది మొదట నల్లజుట్టే, పిడుగు పడి పసుపైంది. ఈ రచయితకి ప్రతి రంగు వెనకా ఒక జీవితం ఉంది.

'నరుటో' కథలో హీరో నరుటో అమ్మ కుషినా కూడా అంతే. ఎర్రజుట్టు, గుండ్రటి మొహం, పిల్లలంతా టమాటా అని ఏడిపించేవారు. తన జుట్టు తనకే అసహ్యం. శత్రువులు ఎత్తుకుపోతున్నప్పుడు ఎవరైనా వెతుక్కుంటూ రావాలని దారి పొడుగునా తన వెంట్రుకలే తెంపి జారవిడుస్తుంది. అందరిలోకీ మినాతో ఒక్కడే అవి గమనించి వెంటాడి వచ్చి కాపాడతాడు. అంత అందమైన ఎర్ర జుట్టు కాబట్టి వెంటనే కంటపడిందంటాడు. ఆ రోజు నుంచి ఆమెకి తన జుట్టంటే ఇష్టం. ఆ తర్వాత ఆ అబ్బాయినే చేసుకుంది.

దర్శకుడు మియాజాకి సినిమాల్లో ఇన్ని రంగులుండవు, నిజమే. ఆయన మనుషులు మనుషుల్లాగే ఉంటారు. ఆయనకీ, ఇంకో దర్శకుడు తకహాతాకీ దశాబ్దాల పాటు రంగులు నిర్ణయించింది మిచియో యసుదా అనే ఆవిడ, 2016లో పోయారు. రంగులు నిర్ణయించడమనేది జపాన్ స్టూడియోల్లో ప్రత్యేకమైన ఉద్యోగం వదినగారూ. బొమ్మ ఒకరు గీస్తారు, జుట్టు పగలు ఏ రంగు, సంజెవేళ ఏ రంగు, దీపం వెలుగులో ఏ రంగు అని ఖాయం చేసేది వేరొకరు. 2004లో వచ్చిన 'హౌల్స్ మూవింగ్ కాసిల్' చూడండి. హౌల్ అనే మాంత్రికుడు బంగారు జుట్టుతో మెరిసిపోతుంటాడు, అదంతా రంగే. శాపం తగిలి ముసలిదైన సోఫీ అనే అమ్మాయి స్నానాలగది సర్దిందని సీసాలు తారుమారై జుట్టు నారింజకి తిరుగుతుంది, ఆపైన నల్లబడుతుంది. అందంగా లేకపోతే బతికి లాభమేమిటని మూలన పడి కుమిలిపోతాడు. ఆ నల్లజుట్టుతోనే మిగతా సినిమా అంతా ఉంటాడు, మనకి ఆ మనిషి అప్పట్నుంచే దగ్గరవుతాడు. ఆ సోఫీకి చివర్లో వయసు తిరిగొచ్చినా జుట్టు మాత్రం వెండిలాగే ఉండిపోతుంది. అది ఎంత బాగుంటుందో మీరే చూడాలి.

ఇదంతా చెబుతుంటే మీ మొహంలో ఇంకో ప్రశ్న కనపడుతోంది. "జపాన్ వాళ్లందరిదీ నల్లజుట్టే కదా, మరి ఈ మోజెందుకు?" అందుకేనేమో! అక్కడ చాలా బళ్లలో జుట్టు నల్లగానే ఉండాలని నియమం. పుట్టుకతోనే కాస్త గోధుమరంగు జుట్టున్న పిల్లలు ఇది రంగు వేసింది కాదని తల్లిదండ్రుల సంతకంతో కాగితం ఇచ్చుకోవాల్సిన బళ్లున్నాయి. ఒసాకాలో ఒక ప్రభుత్వ హైస్కూలు విద్యార్థిని తన జుట్టు పుట్టుకతోనే గోధుమరంగని చెప్పినా వినకుండా మళ్లీ మళ్లీ నల్లరంగు వేయించారని 2017లో కోర్టుకెక్కింది. బడికి వెళ్లడం మానేస్తే తరగతి జాబితాలోంచి పేరు, గదిలోంచి బల్ల కూడా తీసేశారు. 2021లో కోర్టు ఆ అమ్మాయికి 3,30,000 యెన్‌లు ఇమ్మంది, కానీ నియమం మాత్రం తప్పు కాదంది. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్లలో ఇలాంటి నియమాలు 2022 ఏప్రిల్ నుంచి తీసేశారు. బడిలో జుట్టు ఒక్క ఛాయ తేడా ఉన్నా గుమ్మం దగ్గర ఆపే చోట, సాయంత్రం టీవీ పెడితే ఒక్కో పిల్లది ఒక్కో రంగు, ఎవరూ ఏమీ అనరు. ఆ పిల్లలకి అది ఎంత ఊపిరో ఆలోచించండి.

వాళ్లు తెల్లవాళ్లలా ఉన్నారంటారు చాలామంది, మీరూ అన్నారు. జపాన్ ప్రేక్షకులకి అలా అనిపించదు. ఉసాగి జుట్టు పసుపైనా ఆ పిల్ల టోక్యోలో ఉండే జపాన్ పిల్లే. ఆ పెద్ద కళ్లు తెజుకా అలవాటు చేశారు. డిస్నీ సినిమాలంటే ఆయనకి ప్రాణం. పైగా ఆయన పెరిగింది తకరజుకా ఊళ్లో, అక్కడ అందరూ ఆడవాళ్లే నటించే పెద్ద నాటక సంస్థ ఉంది, ఆ వేషాల మెరుపు ఆయన బొమ్మల్లోకొచ్చింది. అన్నట్టు, మన 'ఆర్ఆర్ఆర్'ని 2024 జనవరిలో వేదిక మీద ఆడించింది ఆ తకరజుకా వాళ్లే. భీమ్‌గా కూడా అమ్మాయే వేసింది!

సరే. జుట్టు గురించి ఇంత సంబరంగా చెప్పాను గానీ, చర్మం దగ్గరికొచ్చేసరికి నాకు అంత సంతోషం లేదు. నీలం జుట్టుతో పుట్టిన జాతి లోకంలో ఎక్కడా లేదు, కాబట్టి దానికి ఏ గుణం అంటగట్టినా ఎవరికీ నొప్పి లేదు. నల్లటి మనుషులు కోట్లమంది ఉన్నారు. మనమే ఉన్నాం.

యానిమేలో చర్మం మామూలుగా లేత రంగు. కాస్త ముదురైతే దానికి కారణం చూపిస్తారు. ఈత కొట్టే పిల్లో, పరుగెత్తే పిల్లో, ఎండలో తిరిగే పిల్లో. 'అజుమాంగా దైఓ'లో కగుర అలాంటిదే, ఈత జట్టు పిల్ల. పాలిపోయినట్టుంటే ఇల్లు కదలని పిల్ల, జబ్బు పిల్ల, పుస్తకాల పిల్ల. ఇంతవరకూ ఫర్వాలేదు, ఎండ ఎవరినైనా కమలబెడుతుంది. పుట్టుకతోనే ముదురు రంగు మనిషి కథలోకి వస్తే మాత్రం, ఆ మనిషి ఎక్కడినుంచో వచ్చినదై ఉంటుంది. నిగూఢంగా ఉంటుంది, మంత్రగత్తె కావచ్చు, నమ్మదగ్గది కాకపోవచ్చు. 1997లో కునిహికో ఇకుహరా తీసిన 'ఉతెనా'లో అంథి అని గోధుమ చర్మం అమ్మాయి, నుదుట బొట్టు కూడా ఉంటుంది. బడి అంతా లేత రంగు పిల్లలు, అంథీ ఆమె అన్నా తప్ప. కత్తియుద్ధంలో గెలిచినవాళ్లకి ఆమె సొంతం. ఎదురు చెప్పదు, కొడితే పడుతుంది. ఆ కథ చాలా గొప్పది, చివరికి ఆమే తన కాళ్లతో తను ఆ బడి గేటు దాటి వెళ్లిపోతుంది, నేను లేచి చప్పట్లు కొట్టాను. అయినా ఆ అణకువకీ ఆ మర్మానికీ మన ఛాయే ఎందుకు ఎంచుకున్నారన్న బాధ పోలేదు. 'బ్లాక్ బట్లర్'లో బెంగాల్ యువరాజు సోమా వస్తాడు, అమాయకుడు, గారాబం, వెంట అగ్ని అనే సేవకుడు. వాళ్ల ఘట్టంలో పెద్ద పోటీ దేనిలో అనుకున్నారు? కూర వండటంలో.

మంచివీ ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. 1990లో, ఇవాంగెలియన్ తీసిన ఆ అన్నోయే 'నాడియా' తీశారు. నాయిక నల్లటి అమ్మాయి, సర్కస్‌లో పనిచేస్తుంది, మొండిది, మాంసం ముట్టదు, తప్పనిపిస్తే ఎవరినైనా నిలదీస్తుంది. ఆమె రంగు గురించి సంజాయిషీ ఏమీ లేదు, కథ మొత్తం ఆమెదే. హిరొము అరకవా 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'లో ఇష్వాల్ వాళ్లని గోధుమ చర్మం, తెల్లజుట్టు, ఎర్రకళ్లతో గీసి, సైన్యం వాళ్లని ఊళ్లకి ఊళ్లు ఎలా తుడిచిపెట్టిందో చూపించారు. ఆవిడ హొక్కైదో రైతుబిడ్డ, ఆ నేల మీద ఐను అనే ఆదివాసీలకి జరిగిన అన్యాయం తన మనసులో ఉందని ఆవిడే చెప్పారు. పోకెమాన్‌లో జింక్స్ అనే బొమ్మకి నల్లటి మొహం, లావు పెదాలు పెడితే, అది నల్లజాతి వాళ్లని వెక్కిరించే పాత బొమ్మల్లా ఉందని అమెరికాలో విమర్శ వచ్చింది, తర్వాత దాన్ని ఊదారంగుకి మార్చారు. అంటే మాట్లాడితే మారతాయి వదినగారూ.

మనం మాత్రం తక్కువ తిన్నామా? దేవుణ్ని నీలమేఘశ్యాముడని కొలుస్తాం, కోడలు మాత్రం తెల్లగా రావాలని ప్రకటన వేయిస్తాం. ఆ ఇంట్లో పెరిగే పిల్ల టీవీలోనూ అదే చూస్తే, అదే నిజమనుకుంటుంది. మీ అమ్మాయి చామనఛాయ, మా వాడు ఇంకో రవ్వ ముదురు. వాళ్లు గీసే బొమ్మల్లో వాళ్ల రంగు మనిషి నాయకుడిగా ఎప్పుడైనా కనిపించాడా? నేను మా వాడి పుస్తకమంతా తిరగేశాను. జుట్టుకి ఉన్న రంగులన్నీ వాడేశాడు, మొహాలు అన్నీ లేత గులాబీనే.

జపాన్ క్రేయాన్ పెట్టెల్లో ఒక లేత నారింజ కడ్డీ మీద 'చర్మం రంగు' అని రాసి ఉండేది. మనుషులందరి చర్మం అది కాదు కదా అని 2000 ప్రాంతంలో అక్కడి కంపెనీలు ఆ పేరు తీసేసి, 'లేత నారింజ' అని రాయడం మొదలుపెట్టాయి. మన పిల్లలు ఇప్పటికీ ఆ కడ్డీని 'స్కిన్ కలర్' అనే అడుగుతారు, మనమూ అందిస్తాం. ఇవాళ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఆ మాట ఉండదు, 'లేత నారింజ' అనే అంటాం. మీరూ అలాగే చేయండి వదినగారూ. ఈసారి రంగులు కొనేటప్పుడు గోధుమరంగులోనే నాలుగైదు ఛాయలున్న పెట్టె చూసి కొనండి, మా వాడికీ ఒకటి తెండి, డబ్బులిస్తాను. జుట్టు మాత్రం వాళ్లకి నచ్చిన రంగు వేసుకోనివ్వండి.